అక్లికి చావడం రాదు

మా అక్లికి రాని పని లేదు, ఒక్క చావడం తప్ప. ఆలివ్ గానుగ ఆడిస్తాడు, గాడిదలకు లాడాలు కొడతాడు, పెళ్లిళ్లలో డోలు వాయిస్తాడు. సినిమావాళ్లు గుండెకు గురిపెట్టి కాలిస్తే మాత్రం గుంజలా నిలబడే ఉంటాడు.

స్వాతంత్ర్యం వచ్చి పదేళ్లు దాటాక రాజధాని ఆల్జియర్స్ నుంచి సినిమావాళ్లు వచ్చి మా కొండ ఊరిని కనిపెట్టారు. రాతి ఇళ్లు, ఇరుకు సందులు, మధ్యలో ఓ కూడలి. ఫ్రెంచివాళ్ల మీద తిరుగుబాటు తీయాలంటే ఇంతకన్నా మంచి చోటు లేదన్నారు. నాలుగేళ్లలో మూడు సినిమాలు తీశారు. మూడింటిలోనూ మేమే తిరుగుబాటుదారులం, మేమే శవాలం. ఊరి మంగలిని కాబట్టి మొహాలకు మసి, చొక్కాలకు నెత్తురు పూసే పని నాకు అప్పజెప్పారు. టమాటా గుజ్జులో తేనె కలిపి నేను చేసిన నెత్తురుకు చుట్టుపక్కల ఊళ్ల ఈగలు కూడా వచ్చేవి.

మొదటి సినిమాలో పదిహేను మందిని నిలబెట్టి కాల్చారు. అక్లి ఎప్పటిలాగే అందరికన్నా ముందు పరిగెత్తి, కూడలిలో ఆలివ్ చెట్టు ముందున్న చోటు ఆక్రమించాడు. కెమెరాకి దగ్గరని ఆ తొందరేమో అనుకున్నాం. పద్నాలుగు మంది దబదబా పడ్డారు. వీడు పొట్ట పట్టుకుని మూలుగుతూ కూడలి దాటి, సందు తిరిగి, మసీదు గోడ వెనక ఎక్కడో పడ్డాడు. పడ్డానని వాడే చెప్పాడు, చూసినవాడు లేడు. రెండో సినిమాలో రెండు తూటాలు తిని, దారికి అడ్డొచ్చిన మేకను పక్కకు తోలి మరీ వెళ్లాడు. మూడోదాంట్లో ఒక శవం చెయ్యి తొక్కి, దానికి క్షమాపణ చెప్పుకున్నాడు. శవం పరవాలేదంది. దాంతో ఆ తీసిందంతా చెత్తబుట్టలో పడింది.

ఆ మూడో సినిమా పట్నంలో ఆడినప్పుడు ఊరంతా బస్సెక్కి వెళ్లాం. తెర మీద అక్లి వీపు కనిపించింది, అదీ రెప్పపాటు. వాడు వరసవరసకూ తిరిగి అది తన వీపేనని చెప్పుకొచ్చాడు. ఒక్కసారైనా తన మొహం తెర నిండా పడాలని వాడికెంత ఆశో నాకు తెలుసు. గడ్డం గీసినప్పుడల్లా ఏ వైపు నుంచి బాగుంటానని అద్దంలోకి చూసి అడిగేవాడు. పొట్ట కనపడని వైపు నుంచి అని చెప్పేవాణ్ణి.

నాలుగో సినిమాకి వచ్చిన దర్శకుడు బూఅలెం వాడి మీసాలు చూసి ముచ్చటపడి తిరుగుబాటు నాయకుడి వేషం ఇచ్చాడు. ఆఖరి ఘట్టంలో కూడలిలో ఆ ఆలివ్ చెట్టు ముందే తూటాలు తిని నేలకొరగాలి. అప్పుడు మొహం తెర నిండా చూపిస్తారు. వారం రోజులు అక్లి కాళ్లు నేల మీద ఆనలేదు.

ఆఖరి రోజు రానే వచ్చింది. ఫిల్ము రెండు డబ్బాలే మిగిలింది. ఫ్రెంచి సైనికుల వేషంలో ఉన్న కాలేజీ కుర్రాళ్లు కాల్చారు. అక్లి తూలుతూ సందు దారి పట్టాడు. బూఅలెం కాలరు పట్టుకుని వెనక్కి లాక్కొచ్చాడు. రెండోసారి గోడకు చేరగిలబడి మంచినీళ్లు అడిగాడు. మూడోసారి మోకాళ్లు వంగాయి, ఇక పడ్డాడనుకున్నాం. అంతలో తలెత్తి ఎటో చూసి మళ్లీ నిటారుగా నిలబడ్డాడు. సగం డబ్బా మిగిలింది. చొక్కా ఉతికి ఉతికి నా చేతులు మెత్తబడిపోయాయి.

"ఏమయ్యా, ఎనిమిది తుపాకులు పేలాయి. నువ్వు మనిషివా, మొద్దువా?" అన్నాడు బూఅలెం.

"మా వంశంలో ఎవరూ తొందరగా పోరండీ. మా తాత పోవడానికే మూడేళ్లు పట్టింది."

"ఈసారి పడకపోతే ఈ వేషం పోస్టుమాన్‌కి ఇచ్చేస్తాను."

అక్లి భుజాల మీది ఉన్ని బర్నూసు తీసి మడత పెట్టి దర్శకుడి చేతిలో పెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది. వాణ్ణి పక్కకు లాగాను.

"తెర మీద మొహం, మొహం అని నా ప్రాణం తీశావు కదరా. ఒక్కసారి కింద పడితే నీ సొమ్మేం పోయింది?"

"ఆ గుమ్మం చూడరా మెజియాన్," అన్నాడు మెల్లిగా.

చూశాను. ఆలివ్ చెట్టుకు ఎదురుగా వర్దియా అవ్వ రోజూలాగే గుమ్మంలో కూర్చుని చిక్కుడు గింజలు ఒలుస్తోంది. పోరాటం రోజుల్లో ఆవిడ భర్తను ఆ చెట్టు ముందే, ఆవిడ చూస్తుండగా కాల్చేశారు. మా ఊళ్లో ప్రతి గుమ్మానికీ ఒక చావు ఉంది. ఎవరిది ఏ చోటో మేం మరిచిపోయాం, వాడు మరవలేదు. అందుకే ప్రతిసారీ ఇంకెవడూ పడకుండా ఆ చోటు తనే ఆక్రమించేవాడు.

"ఒకసారి చూసింది చాలదా ఆవిడకి? పోస్టుమాన్‌ని కూడా సందులోకి పోయి పడమని చెప్పు," అన్నాడు. ఇన్నాళ్లూ వాణ్ణి ఎంత ఆడిపోసుకున్నానో తలచుకుంటే సిగ్గేసింది.

అవ్వవి ఇంకా పాము చెవులే. కర్ర టకటకలాడిస్తూ కూడలిలోకి వచ్చింది.

"నా కోసమా ఈ వేషాలన్నీ? వెధవా, నన్నడిగావా?" అంది. "పోరులో పడ్డవాడి మీద ఏడవకూడదు, పెళ్లిలో లాగా యూయూ అని కూత పెట్టి గర్వంగా సాగనంపాలి. ఆ రోజు నేను నోరు తెరిచాను. సైనికుడు తుపాకి గొట్టం నా గొంతుకు ఆనించాడు. ఆ కూత ఇక్కడే ఉండిపోయింది." గొంతు చూపించింది. "పడు. ఈసారి నన్నెవడు ఆపుతాడో చూస్తాను."

అక్లి బర్నూసు మళ్లీ కప్పుకున్నాడు. కెమెరా తిరిగింది. తుపాకులు పేలాయి. ఈసారి మేకల్లేవు, మంచినీళ్లు లేవు. ఆలివ్ చెట్టు ముందు, అవ్వ కాళ్ల దగ్గర, గోడ కూలినట్టు పడ్డాడు.

అవ్వ తల వెనక్కి వాల్చి నాలుక ఆడిస్తూ కూత పెట్టింది. ముసలి గొంతని ఎవరనుకుంటారు, కొండలు మారుమోగాయి. డాబాల మీది ఆడవాళ్లంతా అందుకున్నారు. వంటిళ్లలో ఉన్నవాళ్లు పిండిచేతులతోనే బయటికొచ్చి గొంతు కలిపారు. సైనికుల వేషంలో ఉన్న కుర్రాళ్లు ఎవరూ చెప్పకుండానే తుపాకులు దించేశారు. కాగితం మీద ఇదేదీ రాయని బూఅలెం కళ్లు తుడుచుకుంటూ, తిప్పుతూనే ఉండమని కెమెరా అతనికి సైగ చేశాడు. ఫిల్ము అయిపోయేదాకా తిరిగింది. కూతలు ఆగలేదు. అవ్వ ముఖం వెలిగిపోతోంది.

అక్లి మాత్రం లేవలేదు. ఎండలో అలాగే పడి ఉన్నాడు. నా నెత్తురుకు మూగిన ఈగలు మీసాల మీద వాలుతున్నా కదల్లేదు. నిజంగానే ఏమన్నా అయిందేమోనని పరిగెత్తి మీదికి వంగాను.

వాడు ఒక కన్ను తెరిచాడు.

"పోరా మెజియాన్. అవ్వ ఇంకా ముగించలేదు. మధ్యలో లేస్తే ఏం బాగుంటుంది?" అని, కన్ను మూసుకుని మళ్లీ చచ్చిపోయాడు.