గ్యారేజీ సిగరెట్లు

మూత్రం మొదటిసారి ఎర్రగా వచ్చినప్పుడు మధుబాబు దాన్ని వేడి అనుకున్నాడు. దేశం కాని దేశంలో, పాపకూర అనే ఊళ్లో పదమూడేళ్లుగా బస్సు నడుపుతున్న మనిషి. పూటంతా సీట్లో కూర్చుంటే వేడి చెయ్యదా? పైగా శుక్రవారం వస్తే స్నేహితుడు సాయినాథ్ ఇంట్లో కారు పెట్టే గ్యారేజీలో నలుగురితో విస్కీ. నొప్పి లేదు, మంట లేదు. విస్కీ మానేసి బార్లీ నీళ్లు, మజ్జిగ పట్టాడు. వారంలో తగ్గింది.

అయిదు వారాలకు మళ్లీ వచ్చింది. ఈసారి భార్య మంగాదేవి కంటబడింది. మర్నాడే డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. తాగుడు గురించి అడిగితే దాచకుండా చెప్పాడు. సిగరెట్ల గురించి అడిగితే లేదన్నాడు. ఆయన ఆస్పత్రికి రాశాడు, కెమెరా పెట్టి మూత్రాశయం లోపల చూడాలని.

ఆస్పత్రికి వెళ్లాల్సిన రోజు వచ్చేసరికి మూత్రం మళ్లీ తేటగా ఉంది.

“మందు మానేశాను, తగ్గిపోయింది. ఇప్పుడు గొట్టాలెందుకే? క్యాన్సిల్ చేసేద్దాం.”

“మానేసినా రెండోసారి వచ్చిందిగా? డాక్టరు మీరా, వాళ్లా? షూస్ వేసుకోండి.”

ఆస్పత్రిలో డాక్టరు నలభై ఏళ్ల తెల్లావిడ. మంచం పక్కన మంగాదేవికి కుర్చీ వేయించింది. కాగితాలు తిరగేసి, “మీరు పొగ తాగరని రాసుంది. ఎప్పుడూ తాగలేదా?” అంది.

“విస్కీ వల్ల వచ్చిందేమో డాక్టర్,” అన్నాడు మధుబాబు.

“విస్కీకీ మూత్రాశయ క్యాన్సర్‌కీ సంబంధం గట్టిగా తేలలేదు. కొన్ని పరిశోధనలు ఉందన్నాయి, కొన్ని లేదన్నాయి. సిగరెట్ విషయంలో అలాంటి అనుమానమేమీ లేదు. ఆ విషం మూత్రంలోకి దిగి అక్కడే నిలవుంటుంది. ఇక రక్తం అంటారా, క్యాన్సర్ ఉన్నా అది వస్తూ పోతూ ఉంటుంది. అందుకే అడుగుతున్నాను.”

క్యాన్సర్ అన్న మాట ఆ గదిలో ఎవరైనా పైకి అనడం అదే మొదలు.

మొదటి డాక్టరు దగ్గర తాను అబద్ధమాడానని అతను అనుకోలేదు. పొగ తాగేవాడంటే పెట్టె కొని జేబులో పెట్టుకునేవాడు. రెండో పెగ్గు నుంచి గ్యారేజీలో చేతులు మారే సిగరెట్లు పల్లీల్లాంటివి, మందులోకి నంజుకునేవి. వాటిని ఎవరు లెక్కేస్తారు? కాకపోతే ఆ నంజుకోవడం పంతొమ్మిదో ఏట మొదలైంది. పెళ్లయిన ఏడాది మంగాదేవికి మానేస్తానని మాటిచ్చాడు. ఆమె నాన్న బీడీలు కాల్చి ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు.

అతను పైకప్పు వంక చూశాడు. డాక్టరు పెన్ను పట్టుకుని ఆగింది.

“చెప్పండి,” అంది మంగాదేవి తెలుగులో. “మీ చొక్కాలు ఉతికేది నేనేగా.”

తల తిప్పి ఆమె మొహం చూసే ధైర్యం లేకపోయింది.

“తాగినప్పుడు మాత్రమే,” అన్నాడు ఇంగ్లిషులో. “అయిదారు. ఒక్కోసారి పది.”

“ఎన్నేళ్లుగా?”

“ముప్పై మూడు.”

డాక్టరు రాసుకుంది. తిమ్మిరెక్కించే జెల్ వేసి గొట్టం లోపలికి పంపింది. తెర మీద గులాబీ రంగు గోడ మెల్లగా తిరుగుతోంది. నున్నగా ఉంది. ఇంకా నున్నగానే ఉంది. మధుబాబు ఊపిరి వదలబోయాడు. అంతలో ఎడమవైపు, నీళ్లలో నాచులా ఊగుతూ, చిన్న కుచ్చు కనిపించింది. కెమెరా దాని దగ్గరే ఆగిపోయింది.

“ఇది కోసి తీయాలి,” అంది డాక్టరు. “ఏమిటన్నది పరీక్షలో తేలుతుంది. క్యాన్సర్ కాదని ఇప్పుడు చెప్పలేను. చిన్నగానే ఉంది, మంచి సమయానికి వచ్చారు.”

మధుబాబుకు చివరి మాట ఒక్కటే చెవిన పడింది. పొద్దున ఫోన్ చేసి రావట్లేదని చెప్పేసి ఉంటే?

బయట కౌంటరులో అమ్మాయి ఆపరేషన్‌కి మూడు వారాల తర్వాతి తేదీ చెప్పింది.

“అంతకు ముందు లేదా?” అని ఇంగ్లిషులో గట్టిగా అడిగింది మంగాదేవి. కూర్చున్నవాళ్లందరూ తలెత్తారు. ఆ అమ్మాయి మళ్లీ వెతికి, ఎవరో రద్దు చేసుకున్న తేదీ ఒకటి వచ్చే మంగళవారం ఉందంది.

“రాసుకోండి,” అన్నాడు మధుబాబు. “వస్తాను.”