మా మేనత్త సబ్బు అచ్చులు

మా మేనత్త పోయిందని సిరిసిల్ల నుంచి ఆమె కూతురు, నా మరదలు, ఫోన్ చేస్తే నేను నమ్మలేదు. "నీకు మంచిగ ఏడ్వరాదు. ఫోన్ మీ అమ్మకియ్యి" అన్నాను. అవతల ఫోన్ పెట్టేసింది. అప్పటికీ నమ్మకం కుదరలేదు. "ఎన్నడో ఒకనాడు నేను సచ్చిన్నని కబురు పంపి నిన్ను ఉరికిస్త, అల్లుడా" అని అత్త నన్ను చాలాసార్లు బెదిరించింది. నేను ఆమెకు చేసినవాటికి అది చిన్న శిక్షే.

ఆ రోజు బంద్. బస్సుల్లేవు. కోరుట్ల నుంచి బండి మీద బయల్దేరితే కథలాపూర్ దగ్గర రోడ్డుకు అడ్డంగా చెట్ల కొమ్మలు, టైర్లు, వాటి వెనక జెండాలు.

"ఎటు?"

"సిరిసిల్లకు. మా మేనత్త సచ్చిపోయింది."

"పొద్దటి సంది గిది ఏడో సావు, అన్నా. ఇంకోటి చెప్పు."

నాకే నమ్మకం లేని మాటను వాళ్ల చేత ఎలా నమ్మిస్తాను? పక్కన బీడీ కాలుస్తున్న ఒక పెద్దమనిషి నా ముఖం పరీక్షగా చూసి, "పోనియ్యుండ్రి. అబద్ధం చెప్పేటోడు తల్లో తండ్రో అంటడు గని మేనత్త అనడు" అన్నాడు. కొమ్మలు జరిపారు. ఇది నిజమేనేమో అన్న అనుమానం నాకు మొదటిసారి అక్కడే వచ్చింది.

సిరిసిల్లలో ఇంటి ముందర అత్తను పడుకోబెట్టి ఉన్నారు. పాదం ముట్టి చూశాను. చల్లగా ఉంది. అయినా పెదవి ఎక్కడైనా కదులుతుందేమోనని చాలాసేపు ఆమె ముఖం వంకే చూస్తూ కూర్చున్నాను.

మా మామ సిరిసిల్లలో సాంచాలు నడిపేవాడు. ఆ మరమగ్గాల మోతలోనే కాపురమంతా గడిపిన అత్త, ఆయన పోయాక పుట్టిన ఊరు కోరుట్లకు వచ్చి, మా వాడలోనే కిరాయికి ఉండి బీడీలు చుట్టింది. తంబాకు దుమ్ముతో దగ్గు పట్టుకుంది. ఇంకా చుడితే మనిషివి దక్కవని డాక్టర్ చెప్పాడు. అప్పుడే సంఘం ఆడవాళ్లు జగిత్యాలలో సబ్బుల తయారీ నేర్పిస్తున్నారని తీసుకుపోయారు. అత్త ఒక ప్లాస్టిక్ బకెట్, ఒక కట్టె, కొంచెం గర్వంతో తిరిగొచ్చింది.

మొదటిసారి చెప్పుల డబ్బాలో పాలిథిన్ కవరు పరిచి సబ్బు పోసి, గట్టిపడ్డాక కత్తితో ముక్కలు కోసింది. అందులో ఒక ముక్కకు నేను నీళ్లలా తేటగా ఉండే గోళ్ల రంగు పూసి, ఆరబెట్టి, మళ్లీ ఆమె సబ్బు పెట్టెలోనే పెట్టాను. ఆ పొద్దున అత్త ఎంత రుద్దినా నురగ రాలేదు. కాస్టిక్ సోడా తక్కువైందా, నూనె కల్తీదా అని లెక్కలు వేసుకుంటూ రుద్దింది. వాడంతా నవ్వింది. అప్పటి నుంచి నేను మంచినీళ్లు ఇచ్చినా వాసన చూసి తాగేది.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న ఆ ఏడాదే వేములవాడలో ఒక లాడ్జి మేనేజరు ఆమెకు ఆశ పెట్టాడు. బంద్‌లతో సరుకు సరిగా రావడం లేదు. శివరాత్రి జాతరకు గదులకు చిన్న సబ్బులు కావాలి. గుండ్రంగా, అన్నీ ఒకే తీరుగా ఉండాలి. నచ్చితే ఎప్పుడూ ఆమె దగ్గరే తీసుకుంటాడు. అంటే అత్త ఒళ్లో నుంచి బీడీల చాట దిగిపోతుంది. లేదంటే దగ్గుకుంటూ మళ్లీ ఆ చాట ముందే కూర్చోవాలి.

కోసిన ముక్కలు పనికిరావు కనుక చిన్న అచ్చుల వేట మొదలైంది. అత్త ఎవరింటికి పోయినా మనుషుల్ని కాకుండా సీసా మూతల్ని చూసేది. ఆమె గల్మ దాటి లోపల కాలు పెడితే ఆడవాళ్లు చిన్న గిన్నెలు సర్దేసుకునేవాళ్లు. దొరికినదానిలో ముందు నీళ్లు పోసి, కారుతుందేమో చూసి, అంచు చుట్టూ వేలు తిప్పేది. మూతి బిగువుగా ఉంటే పక్కన పెట్టేది. "పోసుడు అల్కనే అల్లుడా, ఎల్లుడెట్ల?" అనేది. అగ్గిపెట్టెలు నాని ఊడిపోయాయి. ప్లాస్టిక్ చాయ్ గ్లాసులు వేడికి వంకరపోయాయి. మందుల డబ్బా మూతలు బాగానే కుదిరాయి కానీ సబ్బు మీద కంపెనీ పేరు పడింది. "కంపెనోళ్లు వచ్చి కేసు పెడితె నువ్వు పోతవా జైలుకు?" అని వాటినీ పారేసింది.

నేను ఊరుకోవచ్చు కదా. జగిత్యాల పోయినప్పుడు ఒక పాత సామాన్ల కొట్టులో కేకులు పోసే చిన్న గిన్నెలు కనబడ్డాయి. గుండ్రంగా, తళతళలాడుతూ, మూతి వెడల్పుగా ఉన్నాయి. అత్త తిప్పి తిప్పి చూసింది. సిల్వర్ గిన్నెకు సోడా తగలనియ్యొద్దని ఆమెకు నేర్పారు. అల్యూమినియాన్ని మా దగ్గర సిల్వర్ అంటారు.

"స్టీలేనా, అల్లుడా?"

"స్టీలే, అత్తా."

నాకు తెలియదు. తెలియదు అనే మాట నా నోటికి అలవాటు లేదు. జాతర దగ్గరపడుతోంది, సబ్బు ఆరడానికే నెల కావాలి. ఆ తొందరలో అత్త జీవితంలో ఒక్కసారి నా మాట నమ్మి, కలిపినదంతా వాటిలో పోసింది. కాసేపటికే గిన్నెలు కాలడం మొదలుపెట్టాయి. నల్లటి నురగ పొంగి అరుగు మీదికి కారింది. ఘాటుకు ఇద్దరం బయటికి వచ్చాము.

అత్త తిట్టలేదు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "నవ్వు అల్లుడా. గందుకే గద తెచ్చినవ్" అంది.

"నీ మీద ఒట్టు, తెల్వకనే తెచ్చిన."

"గోళ్ల రంగప్పుడు గూడ నా మీదనే ఒట్టు పెట్టినవ్."

నా పని బోరు మోటార్ల రిపేరు. షెడ్డు వెనక పడి ఉన్న పీవీసీ పైపు ముక్కల్ని రెండు వేళ్ల మందాన రంపంతో కోసి, అంచులు నున్నగా గీకి, గోనెసంచిలో తీసుకుపోయాను. అత్త ఒకదాన్ని ఒక రోజంతా సోడా నీళ్లలో ఉంచింది. తీసి, వాసన చూసి, "దీనికేం పూసినవ్ నిజం చెప్పు" అంది. చివరికి చెక్క మీద పాలిథిన్ పరిచి, వాటిని వరసగా నిలబెట్టి, అడుగున కారకుండా చుట్టూ గోధుమపిండి ముద్ద అద్దింది. గట్టిపడ్డాక చపాతీ కర్రతో నెడితే ఒక్కొక్కటే గుండ్రంగా జారి ఒళ్లో పడ్డాయి. సరిగ్గా జాతర ముందు రోజు లాడ్జికి చేరాయి. మేనేజరు మళ్లీ అడిగాడు. బీడీల చాట గోడకెక్కింది.

నా కేసు మాత్రం కొట్టెయ్యలేదు. "గొట్టాలు మంచియే. తెచ్చినోని సంగతే తెల్వది" అనేది, వచ్చినవాళ్లందరి ముందు. అచ్చు ఒకటి పగిలినప్పుడల్లా నాకే కబురు వచ్చేది. నన్ను ఉచితంగా తిప్పుకోవడానికే ఆ అనుమానాన్ని ఆరనివ్వడం లేదని నా అనుమానం. దగ్గు మళ్లీ తిరగబెట్టి, మరదలు సిరిసిల్లకు తీసుకుపోయినప్పుడు కూడా బట్టల మూట కంటే ముందు అచ్చుల సంచే ఆటో ఎక్కింది.

అత్తను సాగనంపి వచ్చాక ఇంటి వెనక స్నానాలు. మరదలు ఆ సంచిని బయట పెట్టింది. నా పైపు ముక్కల మధ్య ఒక సిల్వర్ గిన్నె ఉంది, అడుగంతా సోడా తిని గుంటలు పడినది.

"గిదెందుకు దాసింది?"

"ఎవ్వలు కొత్త గిన్నె తెచ్చినా దాంట్ల రెండు సుక్కలు, దీంట్ల రెండు సుక్కలు సోడా నీళ్లు ఏసి సూశేది. రెండూ పొంగితె అది గూడ సిల్వరే అని వద్దనేది. గిదేంది అని అడిగినోళ్లకు, మా అల్లుడు తెల్వక తెచ్చిండు అని చెప్పేది."

"తెల్వక అన్నదా?"

"అన్నది."

"నువ్వు కలిపి చెప్తలేవు గద?"

"నీ లెక్క కలుపుడు నాకు రాదు, బావా. ఇగో, నీకని పక్కకు పెట్టింది." కాగితంలో చుట్టిన గుండ్రటి సబ్బు ఒకటి చేతిలో పెట్టి, ఏడ్చి ఎర్రబడ్డ ముఖంతో అక్కడే నిలబడింది.

తడిపి రుద్దాను. నురగ లేదు. తిప్పి రుద్దాను. లేదు.

"బోరు నీళ్లు, బావా. ఉప్పగుంటయ్. జర ఆగు" అంది మరదలు.

సబ్బును వెలుతురుకు పట్టి చూశాను. గోరుతో గీకాను. గోటి కిందికి సబ్బే వచ్చింది. మళ్లీ రుద్దాను. చాలాసేపటికి బొటనవేలి పక్కన ఒక్క బుడగ లేచి, పగలకుండా అక్కడే నిలబడింది.