రూములో చేసే కటింగ్ పని కిందికి వస్తుందా?

2024లో సింగపూర్‌లోని ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో నేను కంప్లయన్స్ పని చూస్తున్నప్పటి సంగతి ఇది. సంస్థ చేసే ప్రతి పనీ చట్టానికీ, విరాళమిచ్చినవారి షరతులకూ లోబడి ఉందో లేదో చూడడమే కంప్లయన్స్. నిర్మాణ పనుల్లో ఉన్న మనవాళ్ళు ఇంటికి తిరిగి వెళ్ళాక సొంతంగా బతుకుతెరువు చూసుకునేందుకు, ఆదివారాలు అక్కడి బుకిట్ బటోక్ ప్రాంతంలో మా సంస్థ వాళ్ళకు హెయిర్ కటింగ్ నేర్పేది.

దాతలకు పంపే నివేదికలు ముందు నా దగ్గరికి వస్తాయి. ఆసారి నివేదిక రాసింది మా వాలంటీర్ సుధాకర్ అంకుల్. మల్లేశ్ అనే విద్యార్థి గురించి, 'ఇతనికి అప్పుడే కస్టమర్లు ఉన్నారు' అని ఇంగ్లీషులో గర్వంగా రాశారు. ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. వర్క్ పర్మిట్ మీద వచ్చినవాళ్ళు తమ యజమాని దగ్గర తప్ప ఇంకెక్కడా సంపాదించకూడదు. ఈ మాట నిజమైతే మల్లేశ్ పర్మిట్ పోవచ్చు, అతన్ని వెనక్కి పంపేయవచ్చు.

అంకుల్‌కి ఫోన్ చేస్తే నవ్వారు. మల్లేశ్‌ది జగిత్యాల వైపు. సాయంత్రమైతే గిరాకీ మస్తుంటదని అన్నాడట, దాన్నే ఈయన ఇంగ్లీషులోకి మార్చారు. "జోక్ అమ్మా అది. రూములో వాళ్ళకి కటింగ్ చేస్తాడు, అంతే" అన్నారు.

ఆ వాక్యం కొట్టేసి ఊరుకుందామనుకున్నాను. కానీ జోకులో నిజం పాలు ఎంతో తెలుసుకోకుండా కొట్టేయడం కూడా తప్పే కదా? ఆ ఆదివారం క్లాసుకి వెళ్ళాను. కొత్తవాళ్ళతో నాకు మాట పెగలదు. అడగాల్సింది ట్రైన్‌లోనే మనసులో వల్లె వేసుకున్నాను. తీరా మల్లేశ్ ఎదురుపడగానే అదంతా మరిచిపోయి, డబ్బు తీసుకుంటున్నారా అని సూటిగా అడిగేశాను.

"పైసలు ఎవరిస్తరు మేడం? కూర వండినోడు నాకు ఇంత ఎక్కువేస్తడు. మొన్న అందరు కలిసి మిషిన్ కొనిచ్చిండ్రు."

జుట్టు కత్తిరించే మిషన్ అది. బహుమతా, ప్రతిఫలమా? వస్తురూపంలో ఇచ్చినా సంపాదనగానే చూడవచ్చని నేను చదివి ఉన్నాను. అదే వివరించబోయి మధ్యలో తడబడ్డాను. అతను ఓపిగ్గా అంతా విన్నాడు.

"మీరు మీ అమ్మకు జడేస్తరు. ఆమె మీకు అన్నం పెడ్తది. అది జీతమైతదా మేడం?"

అడిగి చెబుతాననీ, అప్పటిదాకా రూములో కటింగ్ చేయవద్దనీ అన్నాను. ఊళ్ళో షాపు పెట్టుకోవాలని అతని ఆశ. చేతికి అలవాటు తప్పుతుందేమోనని మెల్లగా అన్నాడు. అయినా సరేనన్నాడు.

మా మేనేజర్ లాయర్‌ని అడగమన్నారు. 'పరిస్థితిని బట్టి ఉంటుంది' అని లాయర్ రాశారు. ఏ పరిస్థితిని బట్టి అని మళ్ళీ రాశాను. దానికి జవాబు లేదు. ఇంకోసారి రాశాను. నివేదికలో ఆ వాక్యం తీసేశాం కాబట్టి ఇక గొడవేముందని మేనేజర్ అనుకున్నారు. నాకు మాత్రం ఏమీ తేలలేదు.

ఈలోగా మల్లేశ్ పనిచేస్తున్న ప్రాజెక్టు అయిపోయింది. ఊరికి బయల్దేరే రోజు పొద్దున్న ఫోన్ చేశాడు.

"ఏమన్న తెలిసిందా మేడం?"

"ఇంకా లేదండీ."

"సాయంత్రం నా ఫ్లైటు. మా రూమోళ్లు జుట్టు పెంచుకోని కూసున్నరు. బయట కొట్టించుకోండ్రంటే ఇనరు."

ఈ ఉద్యోగంలో మొదటిసారి, ఎవరినీ అడగకుండా జవాబు చెప్పాను. "చెయ్యండి."

అది సరైన జవాబో కాదో నాకిప్పటికీ తెలియదు. ఒకటి మాత్రం తెలిసింది. అడిగి చెబుతాననడం నాకు జాగ్రత్తలాగా అనిపించింది. జవాబు రాకపోయేసరికి అతనికి మాత్రం అది పూర్తిగా వద్దన్నట్టే అయింది. అందుకే ఇప్పుడు ఆ మాట అనవలసి వచ్చినప్పుడల్లా, జవాబు వచ్చేలోగా మీకు ఆగిపోయేదేమిటని ఎదుటివాళ్ళను ముందే అడుగుతున్నాను.