రెండో లైను అక్కది

కత్తెరమ్మకు కోపం వస్తే మొదట కళ్ళజోడు తీసి బల్లమీద పెడుతుంది. ఎదుటి మనిషి మొహం స్పష్టంగా కనబడితే జాలి పుట్టి, అనవలసిన మాట సగంలో ఆగిపోతుందని ఆమె భయం. రేడియో కేంద్రంలో అందరికీ ఈ సంగతి తెలుసు. కళ్ళజోడు బల్లమీద కనబడిందంటే, గదిలోకి వచ్చినవాళ్ళు వచ్చిన పని మరిచిపోయినట్టు నటించి వెనక్కి తిరుగుతారు.

ఆ మంగళవారం పొద్దున పదింటికి ఆమె కళ్ళజోడు తీసేసింది. గదిలో ఇంకెవరూ లేరు. ఆ కోపం ఆమెకు తన మీదే.

పందొమ్మిదో ఏట ఆ కేంద్రంలో చేరింది. అప్పట్లో మాటలూ పాటలూ టేపుల మీద ఉండేవి. అక్కర్లేని చోట బ్లేడుతో కోసి, రెండు కొసలూ అతికించాలి. ఉపన్యాసకుల దగ్గులు, సకిలింపులు, గుటకలు అన్నీ ఆమె చేతి కింద తెగి చెత్తబుట్టలో పడేవి. ఒక పెద్దమనిషి అరగంట ప్రసంగంలోంచి తను తీసేసిన ‘అంటే’లనన్నిటినీ ఒకచోట అతికించి ఆయనకే వినిపించింది ఓసారి. రెండు నిమిషాల పొడుగున ‘అంటే అంటే అంటే’. ఆయన కడుపు పట్టుకుని నవ్వి, “అమ్మా, నువ్వు మామూలు మనిషివి కాదు, కత్తెరమ్మవి” అన్నాడు. టేపులు పోయి కంప్యూటర్లు వచ్చాయి, బ్లేడు పోయింది, పేరు మాత్రం ఉండిపోయింది.

సంగీతం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. సరిగమలు చెప్పమంటే నాలుగో మెట్టు దగ్గర తడబడుతుంది. కానీ ఒక పాట విని, పాడిన మనిషి ఆ పూట తిన్నదో లేదో చెప్పగలదని కేంద్రంలో చెప్పుకుంటారు. అంతలా వింటుంది. ఏటా సంగీతసంఘం వాళ్ళు ఆ ఏటి మేటి ఆల్బమ్‌కు బహుమతి ఇస్తారు. చివరి వడపోతలో ఎనిమిది ఆల్బములు మిగులుతాయి. రేడియోలో వారం ముందు నుంచీ ఒక్కోదాన్ని అరనిమిషం ముక్కగా వినిపించి, బహుమతి రోజు సాయంత్రం ఒక్కోదానికి నిమిషమున్నర ఇచ్చి, ఆపైన సభలోంచి ఫలితం ప్రత్యక్షంగా ప్రసారం చేస్తారు. ఆ ముక్కలన్నీ పదహారేళ్ళుగా కత్తెరమ్మే కోస్తోంది. కోసే ముందు ఒక్కో ఆల్బమూ మొదటినుంచి చివరిదాకా మూడుసార్లు వింటుంది. ఒకసారి పని చేసుకుంటూ, ఒకసారి ఊరికే కూర్చుని, ఒకసారి కళ్ళు మూసుకుని. ఈ పద్ధతి ఎవరూ పెట్టింది కాదు, ఆమె తనకు తాను పెట్టుకున్నది.

ఈ ఏడు ఆఫీసరుగారు ఎనిమిది డిస్కులనూ మూడు వారాలు తన బీరువాలో భద్రంగా దాచి, శుక్రవారం సాయంత్రం ఆమె చేతిలో పెట్టాడు.

“సోమవారం పొద్దుటికి ముక్కలు తయారుండాలమ్మా.”

“ఎనిమిదా? రెండు రోజుల్లోనా? ఇన్నాళ్ళూ వీటిని పిల్లలు పెడతాయని పొదిగారా సార్?”

“అరనిమిషం ముక్కకి అంత వినడం ఎందుకమ్మా? పల్లవి తీస్తే సరిపోదూ!”

ఒళ్ళు మండింది గానీ, పని ముందర పెట్టుకుని పోట్లాడే మనిషి కాదామె. రెండు రోజులూ కూర్చుంది. ఒక్కదాన్నీ ఒక్కసారైనా పూర్తిగా వినలేకపోయింది. చెయ్యి పరుగెత్తింది, చెవి దాని వెనకాల ఈడ్చుకుంటూ వచ్చింది. సోమవారం నుంచీ ముక్కలు గంటగంటకూ మోగడం మొదలైంది.

మంగళవారం పొద్దున ఫోను వచ్చింది. అవతల ఆడమనిషి గొంతు, గట్టిగా, బెరుకు లేకుండా.

“రేడియోలో పాటలు కోసేది మీరేనా అమ్మా? నేను చెప్పుల ఫ్యాక్టరీలో కుట్టు విభాగంలో చేస్తాను. ఆరో ఆల్బమ్ నాది.”

“చెప్పండమ్మా. పాట బాగుంది.”

“బాగుందో లేదో మీరు విన్నదాన్ని బట్టి ఉంటుంది. మా అక్క లైను ఎందుకు తీసేశారు?”

కత్తెరమ్మ నిదానంగా అంది: “అందులో మీ ఒక్కరి గొంతేగా ఉంది?”

“ఇద్దరం కలిసి పాడుకున్న పాటమ్మా అది, చిన్నప్పట్నుంచీ. మొదటి లైను నాది, రెండో లైను అక్కది, మూడోది మళ్ళీ నాది. అక్క పోయి రెండేళ్ళయింది. ఫ్యాక్టరీ భోజనాల గదిలో సెలవురోజున రికార్డు చేశారు. నా లైను పాడి, దాని లైను దానికి వదిలేశాను. మీరేమో నా లైనుకి నా లైను అతికించేశారు. ఇక అక్కెక్కడమ్మా?”

ఫోను పెట్టాక కత్తెరమ్మ అసలు డిస్కు వేసి విన్నది. మొదటి లైను అయింది. తర్వాత పద్నాలుగు సెకన్లు ఎవరూ పాడలేదు. ఫ్యాను తిరుగుతోంది. ఎక్కడో ఒక కుర్చీ కిర్రుమంది. పాడే మనిషి ముక్కుతో ఊపిరి పీల్చి, వినేవాళ్ళు వింటున్నట్టు తలాడించిందేమో, చెవి పోగు చిన్నగా మోగింది. ఆపైన మూడో లైను. ముప్ఫై ఏళ్ళ అలవాటు చొప్పున, ‘ఖాళీ’ అనుకుని ఆ పద్నాలుగు సెకన్లనూ కోసి పారేసింది తను. మూడుసార్లు విని ఉంటే కోసేదే కాదు. ఒక్కసారి విన్నా కోసేది కాదు. అప్పుడు తీసింది కళ్ళజోడు.

తర్వాత లేచి ఆఫీసరు గదికి నడిచింది. వెళ్ళేటప్పటికి అక్కడ తేనెబాబు కూడా ఉన్నాడు. ఆ కేంద్రంలో అందరికన్నా మంచి గొంతు అతనిది. తలుపు తీయమన్నా పద్యం చదివినట్టుంటుంది. బహుమతి కార్యక్రమం నడిపేది అతనే.

“ఆరో ఆల్బమ్ ముక్క ఆపేయండి సార్. తప్పు కోశాను. సరిచేసిస్తాను. ఆదివారం లైవ్‌లో కూడా పూర్తిగా, ఆ పద్నాలుగు సెకన్లతో వెయ్యాలి.”

ఆఫీసరు నెత్తి గోక్కున్నాడు. “పద్నాలుగు సెకన్ల నిశ్శబ్దమా? కాపలావాడు ఊరుకుంటాడా?”

కాపలావాడంటే మనిషి కాదు. ప్రసారంలో పది సెకన్లు చప్పుడు ఆగితే, ఏదో పాడైందనుకుని తనంతట తానే ఒక వేణువు రికార్డు అందుకునే యంత్రం.

“కాపలావాడి సంగతి నేను చూసుకుంటా.”

“వినేవాళ్ళ సంగతి? రేడియో పాడైందని చేత్తో నాలుగు బాదుతారమ్మా. వద్దు. ఉన్నది ఉన్నట్టు పోనీ.”

తేనెబాబు సర్దిచెప్పబోయాడు. “పోనీ, ఆ ఖాళీలో నేను రెండు మాటలు చెబుతాలెండి అమ్మా. అక్కాచెల్లెళ్ళ అనుబంధం గురించి, హృదయం కదిలేలా...”

“నువ్వు ఆ ఆల్బమ్ విన్నావా బాబూ?”

“పరిచయం కాగితం చదివాను.”

“ఎనిమిదింట్లో ఎన్ని విన్నావు?”

అతను గోడ గడియారం వైపు చూశాడు. కత్తెరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఒక్కటీ వినలేదు! పదహారేళ్ళుగా నీ గొంతుకి నేను చెవులు అరువిస్తున్నానన్నమాట! ఒకామె పాడకుండా వదిలేసిన చోట నువ్వు మాట్లాడతావా? కూర్చోడానికి ఇంకెక్కడా చోటు దొరకలేదా నీకు?”

“చూడమ్మా,” అన్నాడు ఆఫీసరు, “ఆ ఆల్బమ్‌కి ఎలాగూ బహుమతి రాదు. దానికోసం ఇంత రభసెందుకు?”

ఆమె వెనక్కి తిరిగి బయటికి నడిచింది.

ఇంటికెళ్ళి కూర తరుగుతుంటే చప్పుడుకి భర్త వంటింట్లోకి తొంగిచూశాడు. ఆయన బస్సు డిపోలో మెకానిక్కు.

“ఏంటే, ఆ వంకాయలు నిన్నేమన్నాయి?”

ఆమె అంతా చెప్పింది. ఆయన గుమ్మానికి ఆనుకుని చివరిదాకా విన్నాడు.

“ఆవిడకి ఫోను చేసి క్షమించమని చెప్పు. అయిపోతుంది కదా.”

“చెప్పానండీ. ‘మీ క్షమాపణ నేనేం చేసుకోను? ఆదివారం మా వాళ్ళందరం అదే భోజనాల గదిలో కూర్చుని రేడియో పెట్టుకుంటాం. అక్కతో కుట్టినవాళ్ళు నలభై మంది. వాళ్ళకి వినిపించండి చాలు’ అంది.”

పక్కగదిలోంచి అత్తగారు కేకేసింది. ఆవిడకు వినికిడి తక్కువ, అవసరమైనవి మాత్రం గోడలు దాటి వినబడతాయి. “అమ్మాయ్, తప్పు చేసింది ఎవరు?”

“నేనే అత్తయ్యా.”

“మరి దిద్దడానికి ఆ మీసాల ఆఫీసర్ని అడుగుతావేం?”

భర్త నవ్వాడు. కత్తెరమ్మకు నవ్వు రాలేదు. కోపంతో కోసిన కూర ముక్కలన్నీ ఒక్క కొలతకే వచ్చాయి.

మిగిలిన నాలుగు రోజులూ తప్పు ముక్కే గంటగంటకూ మోగింది. మోగిన ప్రతిసారీ ఆమె పళ్ళు నూరింది. నడవలో, మెట్లమీద, టీ గదిలో ఎక్కడికెళ్ళినా గోడమీది స్పీకర్లోంచి తన చేతి తప్పు తనను వెంటాడింది. టీ గదిలో ఎవరో ఆ పాటకు వేళ్ళతో తాళం వేస్తుంటే, “ఆపవయ్యా, అది తాళం తప్పిన పాట” అని కసిరింది. అతను బిక్కమొహం వేశాడు.

ఆదివారం సాయంత్రం ఆరింటికి ప్రసారం మొదలైంది. అద్దానికి అటువైపు తేనెబాబు, ఇటువైపు కత్తెరమ్మ. ఆమె ముందు వరసగా జారుడు మీటలు. ఒకటి పైకి తోస్తే పాట పెరుగుతుంది, ఇంకోటి కిందికి లాగితే తేనెబాబు గొంతు తగ్గుతుంది. ఆఫీసరు వెనక కుర్చీలో కూర్చుని కాలు ఊపుతున్నాడు. ఒకటి నుంచి ఐదు వరకూ ఆల్బములు సాఫీగా వెళ్ళాయి. తేనెబాబు తను వినని పాటలను వెన్నెలతోనూ జలపాతాలతోనూ పోల్చాడు.

ఆరోది. ఆమె కోసిన ముక్క తీసి పక్కన పెట్టి, అసలు డిస్కు వేసింది. మొదటి లైను పాడి గొంతు ఆగింది. వెంటనే పాట మీటను చూపుడువేలితో మెల్లగా పైకి తోసింది. ఫ్యాను చప్పుడు పెరిగింది. గది పెరిగింది. కాపలావాడికి కావలసింది చప్పుడు, అది పాటో గాలో వాడికి పట్టదు. వాడి సూది ఎర్రగీత దగ్గర వణుకుతూ నిలబడింది. ఎక్కువ తోస్తే హోరవుతుంది, తక్కువైతే వేణువు దూకుతుంది. వెంట్రుకవాసి తేడాలో వేలు ఆపి పట్టుకుంది.

మూడో సెకనులో తేనెబాబు నోరు తెరిచాడు. “శ్రోతలారా, ఈ మౌనం...”

ఎడమచేత్తో అతని మీటను కిందకు లాగేసింది.

అద్దం వెనక అతని పెదాలు ఆడుతూనే ఉన్నాయి, చేతులు కూడా హృదయం కదిలేలా ఆడుతున్నాయి, బయటికి ఒక్క అక్షరం రాలేదు. వెనక ఆఫీసరు లేచాడు. “ఏం చేస్తున్నావ్! ఏయ్! అది తియ్యి!” ఆమె తల తిప్పలేదు. కుర్చీ కిర్రుమంది. పన్నెండు. పోగు మోగింది. పదమూడు. ఆఫీసరు చెయ్యి ఆమె భుజం మీదుగా మీటల వైపు వచ్చింది. ఆమె మోచెయ్యి ఎత్తి అడ్డం పెట్టింది, మర్యాద ఏమాత్రం మిగల్చకుండా. మూడో లైను మొదలైంది. అప్పుడు పాట మీటను యథాస్థానానికి దించి, తేనెబాబు మీటను తిరిగి పైకి తోసింది. అతను అప్పటికి మాట్లాడ్డం మానేసి ఆ పాట వింటున్నాడు, బహుశా మొదటిసారి.

బహుమతి రెండో ఆల్బమ్‌కు వచ్చింది. రేడియో పాడైందా అని ముగ్గురు ఫోను చేశారు. ఫ్యాక్టరీ నుంచి ఎవరూ చేయలేదు.

మర్నాడు ఆఫీసరు ఒక కాగితం ముందుకు తోశాడు. టైపు చేసి సిద్ధంగా ఉంది: ‘ఆరు గంటల ఇరవై రెండు నిమిషాలకు సాంకేతిక లోపం వల్ల పద్నాలుగు సెకన్ల పాటు ప్రసారానికి అంతరాయం కలిగినది. ఇందుకు చింతిస్తున్నాను.’

“సంతకం పెట్టమ్మా. యంత్రం మీదకి తోసేద్దాం. నీకూ మంచిది, నాకూ మంచిది.”

“యంత్రం నిన్న నాకన్నా బాగా పనిచేసింది సార్. నోరులేని దాని మీద నింద వేస్తారా?”

“పంతానికి పోకు. ముప్ఫై ఏళ్ళ సర్వీసు.”

“ఒక తెల్లకాగితం ఇవ్వండి.”

ఇచ్చాడు. ఆమె కళ్ళజోడు లేకుండానే, అక్షరాలు ఎంత పెద్దవవుతున్నాయో చూసుకోకుండా రాసింది: ‘లోపం సోమవారం నుంచి ఆదివారం వరకు, గంటకొకసారి జరిగింది. ఆరో ఆల్బమ్ పాటలో ఒక లైను నేను వినకుండా కోసేశాను. దానికి చింతిస్తున్నాను. డిస్కులు మూడు వారాలు బీరువాలో ఉన్నందుకు ఆఫీసరుగారు చింతించాలి. ఆదివారం ఆరు ఇరవై రెండుకు పాట పూర్తిగా ప్రసారమైంది.’

ఆఫీసరు చదివాడు. మీసం కింద పెదవి బిగిసింది. “ఇది పైకి పంపితే లైవ్‌లోంచి తీసేస్తారు నిన్ను. వాతావరణం ముక్కలు కోసుకుంటూ కూర్చోవాలి.”

“పంపండి. మీ బీరువాలో మాత్రం పెట్టకండి.”

పంపాడు. తీసేశారు. అది వారం తర్వాతి మాట. ఆ రోజు మాత్రం ఆమె లేచి, ఆ గది తలుపును ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి విసిరింది. రేడియో కేంద్రంలో తలుపులు చప్పుడు చెయ్యకుండా మందపాటి మెత్తలు కుట్టి ఉంటాయి. ఎంత విసిరినా నిదానంగా వచ్చి మూసుకుంటాయి. కత్తెరమ్మ వెనక్కి తిరిగి, తలుపు తీసి, మళ్ళీ విసిరింది.