ఏటిగట్టు మట్టి

“గట్టు ఎలా ఉందే, సూరమ్మా?”

“బాగానే ఉందండి. మీరు పడుకోండి.”

“నువ్వు చూసొచ్చావా, ఎవరైనా చెప్పారా?”

“నేనే చూసొచ్చానండి.”

సుగుణమ్మ టీచరు గారూ నేనూ ఆఖరుసారి మాట్లాడుకున్న మాటలు ఇవి. రాజమండ్రి ఆసుపత్రిలో మంచం మీద ఉండి, ఇంట్లో మనిషికి జ్వరం తగ్గిందా అని అడిగినట్టు ఏటిగట్టు గురించి అడిగారు. నేనే చూశానన్నాక కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ నాతో మాట్లాడలేదు.

నాకు చదువు రాదు. సంతకం ఒక్కటి వచ్చు, అదీ ఆవిడ చెయ్యి పట్టుకుని నేర్పించిందే. నేను చెబుతుంటే నా మనవరాలు హారిక రాస్తోంది. ఇవాళే ఎందుకంటే, పొద్దున్న తలుపు తీసేసరికి పచ్చిమట్టి వాసన గుప్పున కొట్టింది. మా అబ్బాయి సత్తిబాబు పక్క జాగాలో ఇల్లు కట్టబోతున్నాడు. పల్లపు జాగా కాబట్టి వరద నీటి మట్టం కన్నా పైకి మెరక చేస్తేనే పర్మిషన్ అన్నారట పంచాయతీలో. ట్రాక్టరు మట్టి పోసి వెళ్ళింది. ఒక పెడ్డ చేతిలోకి తీసుకుని చూశాను. చేలో మట్టైతే వరి దుబ్బులు ఉండాలి. ఇందులో గరిక వేళ్ళు జడ అల్లినట్టు అల్లుకుని ఉన్నాయి. అంత గరిక మా ఊళ్ళో ఒక్కచోటే పెరుగుతుంది. ఆ మట్టి చూస్తే నాకెందుకు భయమేసిందో తెలియాలంటే టీచరు గారి గురించి చెప్పాలి.

మా ఊరు ఆత్రేయపురం దారిలో, గోదావరి గట్టును ఆనుకుని ఉంటుంది. టీచరు గారిది లూథరన్ చర్చి కుటుంబం. బడిలో పిల్లలకు చెప్పీ చెప్పీ ఆవిడ గొంతు ఎప్పుడూ వెనక బెంచీ దాకా వినిపించేలాగే ఉండేది, గుసగుసలాడినా సరే. రిటైరయ్యాక సర్పంచ్ అయ్యారు. గంజి పెట్టిన తెల్లచీర, నల్లగొడుగు. గోదావరి ఒడ్డునే పుట్టి కూడా ఈత రాదు. పడవ ఎక్కితే రేవు వచ్చేదాకా కళ్ళు తెరిచేవారు కాదు. “నాకు భయమే, అందుకే దాని గురించి అంత తెలుసుకున్నాను” అనేవారు.

మా ఆయన పోయిన ఏడు గవర్నమెంటు ఇల్లు నా పేర వచ్చింది. అప్పటికి మా తాటాకిల్లు గట్టుకు లోపల, ఏటివైపు ఉండేది. ఆయన చేత్తో వేసిన పందిరీ, పాతిన మునగచెట్టూ అక్కడే ఉన్నాయి. ఇల్లు అక్కడే కట్టుకుంటానన్నాను. గట్టు లోపల ఇళ్ళు కట్టడానికి వీల్లేదు, సంతకం పెట్టనన్నారు టీచరు గారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ వాకిట్లో నిలబడి వీధి వీధంతా వినేలా అరిచాను.

“మేడలో కూచుని ఎన్ని రూల్సైనా చెబుతారు! మొగుడు పోయినదాన్ని, ఆ చెట్టు కింద నుంచి కూడా లేపేస్తారా? మీకు పుణ్యం ఉంటుందా?”

ఆవిడ మెట్లమీద కూర్చుని మొత్తం విన్నారు. “అయ్యిందా? గొంతు ఎండిపోయుంటుంది, కాఫీ తాగి మళ్ళీ మొదలెట్టు” అన్నారు. నిజంగానే గ్లాసు తెచ్చి చేతిలో పెట్టారు. అది తాగాక తిట్లు ఎక్కడ ఆపానో గుర్తు రాలేదు. అప్పుడు మెల్లిగా అన్నారు: “సూరమ్మా, ఆ చోటు నీదీ కాదు, పంచాయతీదీ కాదు. ఏటిది. అడగడానికి వచ్చినప్పుడు అది ముందు కబురు పంపదు. నీ మొగుడి చెట్టు తేలేను గానీ, నీ కొడుకుని కాపాడగలను.”

గట్టుకు ఇవతల జాగా ఇప్పించారు. ఆవిడ మీద కోపం మాత్రం నాకు పోలేదు. ఆ ఏడు వరదలోనే మా పాత చోటు పోయిందనీ, ఆవిడ కాళ్ళ మీద పడ్డాననీ చెబితే బాగుంటుంది గానీ అలా జరగలేదు. ఆ చెట్టు చాలా ఏళ్ళు కాయలు కాసింది. నేను ఏటిగట్టెక్కి దాన్ని చూసి, ఆవిడను తిట్టుకుంటూ దిగేదాన్ని. తర్వాతెప్పుడో పెద్ద వరదలో చెట్టూ నేలా కలిసి వెళ్ళిపోయాయి. అప్పటికి నేను, కోపం కోపమే అయినా పొట్ట గడవాలి కాబట్టి, ఆవిడ ఇంట్లోనే వంట చేస్తున్నాను. ఆ రోజు నేను కూరలో ఉప్పు వేయడం మర్చిపోతే ఆవిడ నోరు మెదపకుండా తిన్నారు.

మా వీధిలో ఒక ఆచారం ఉంది. వరద తీశాక, నీళ్ళు ఎంతవరకు వచ్చాయో గోడమీద అంతవరకు పసుపుతో గీత గీసి, బొట్టు పెట్టి, గోదారమ్మకు దండం పెడతాం. పెళ్ళికో పండక్కో సున్నం వేసినప్పుడు ఆ గీత పోతుంది. టీచరు గారు ఇల్లిల్లూ తిరిగి, సున్నం ఆరాక మళ్ళీ అక్కడే గీయమని బతిమాలేవారు. ఒకసారి ఊరి చివర పల్లపు చేను ప్లాట్లు వేసి అమ్మడానికి ఒక బ్రోకరు దిగాడు. ఆ చేను పక్కనున్న పాత రైసు మిల్లు గోడమీద గీత నా తల దాటి చాలా పైన ఉండేది. కొనేవాళ్ళు చూడ్డానికి వచ్చే రోజుకి ఆ గోడ తెల్లగా మెరిసిపోతోంది. టీచరు గారు నన్ను పసుపు గిన్నెతో సహా తీసుకెళ్ళారు. ఎత్తుపీట ఎక్కి, అందరూ చూస్తుండగా గీత గీశాను.

బ్రోకరు వెటకారంగా నవ్వాడు. “టీచర్ గారండీ, ఆదివారం చర్చికి వెళ్ళే మీకు పసుపుతో పనేంటండి?”

“పసుపు సూరమ్మది. గీత గోదారిది. సున్నం నీది. నాదేం లేదు బాబూ, చూసిపోదామని వచ్చాను.”

కొనడానికి వచ్చిన ఒకామె ఆ గీత కింద నిలబడి, చెయ్యెత్తి అందుకోబోయింది. అందలేదు. వెనక్కి తిరిగి కారెక్కేసింది.

ఆవిడ తప్పే చేయలేదని నేను చెప్పను. ఒక తప్పు చేశారు, అదే చివరిదాకా పీడించింది. ఊళ్ళో ఎవరు ఇల్లు కట్టినా గీత కన్నా ఎత్తు మీద కట్టాలని వెంటపడ్డారు, జనం కూడా విన్నారు. ఎత్తు లేపాలంటే మట్టి కావాలి. మట్టి దగ్గరలో ఎక్కడుంది? గట్టు మీద. తలా కాస్త తవ్వుకున్నారు. ఒకరోజు మేమిద్దరం నడుస్తుంటే గట్టు పొట్ట కొరికేసినట్టు కనిపించింది. అక్కడ తవ్వుతున్నవాళ్ళను ఆవిడ అడిగితే, “మీరే కదండీ మెరక చేసుకోమన్నారు, రూలు ప్రకారమే చేస్తున్నాం” అన్నారు. వాళ్ళు వెటకారానికి అనలేదు. నిజంగానే అలా అనుకున్నారు. ఆ పెద్ద గొంతుకి మాట రాకపోవడం నేను అప్పుడే చూశాను. గొడుగు వేసుకుని ఆ గోతి పక్కనే కూలబడ్డారు.

“ఎంత ఎత్తో చెప్పాను గానీ మట్టి ఎక్కడిదో చెప్పలేదు సూరమ్మా. అందరి ఇళ్ళూ లేపి, అందరినీ కాసేదాన్ని కూల్చాను.”

సాయంత్రం దాకా లేవలేదు. చివరికి తవ్వినవాళ్ళే సిగ్గుపడి పారలు పట్టారు. పూడ్చాం, దిమ్మిస కొట్టాం, గరిక నాటాం. కానీ తవ్వి పూడ్చిన మట్టి పాత గట్టుతో కలిసిపోవడానికి చాలా ఏళ్ళు పడుతుంది. ఆ ఏడు వరదలో సరిగ్గా అక్కడే ఊట మొదలైంది. ముందు చెమట పట్టినట్టు తడి, తర్వాత సన్నటి ధార. ఊరంతా ఇసక బస్తాలు మోశాం. గట్టు నిలబడింది. అప్పటినుంచి ఏటికి వరద ఎర్రనీరు వచ్చిందంటే ఆవిడకు నిద్ర లేదు. రోజూ గట్టు చూసి రావాలి. కాళ్ళు పడిపోయాక నన్ను పంపేవారు. “వాళ్ళూ వీళ్ళూ చెప్పింది నాకొద్దు. నువ్వు వెళ్ళి చెయ్యిపెట్టి చూసి రా” అనేవారు.

ఆ భయం ఆవిడ నాకిచ్చి వెళ్ళారు. టీవీ వరద వార్తల్లో ధవళేశ్వరం బ్యారేజీ పేరు వినిపిస్తే నాకు అన్నం దిగదు. ఆవిడ పోయాక కూడా వానాకాలంలో గట్టు చూడకుండా ఒక్క పొద్దూ గడపలేదు. చాదస్తం అంటాడు సత్తిబాబు. అననీ.

ఇవాళ ఆ పెడ్డ పట్టుకుని గట్టుకు వెళ్ళాను. మేము పూడ్చిన చోటే. గరిక చెక్కేసి, మనిషి దాక్కునేంత తవ్వేశారు. ట్రాక్టరు చక్రాల జాడ అక్కడినుంచి మా వాకిలిదాకా ఉంది. వచ్చి అడిగితే సత్తిబాబు, “అందరూ తీస్తున్నారమ్మా. మనం రూలు ప్రకారం మెరక చేస్తున్నాం, తప్పేంటి?” అన్నాడు. ఆనాటి మాటే, అక్షరం తేడా లేదు. గట్టిగా చెబితే చిరాకుపడి లేచిపోయాడు. ఎగువన వానలంటున్నారు. ఎర్రనీరు దిగేలోగా ఆ మట్టి తిరిగి గట్టెక్కాలి. ఇల్లు వచ్చే ఏడు కట్టుకోవచ్చు. టీచరు గారు కాపాడతానన్న కొడుకు వీడే. ఆవిడ ఇప్పుడు మంచం మీంచి అదే ప్రశ్న అడిగితే, బాగానే ఉందండి అని నేను చెప్పలేను. ఎవరో చెప్పింది కాదు, నేనే చూసొచ్చాను.

ఇక చాలు హారికా, కలం పక్కన పెట్టు. మీ నాన్న అరుగు మీద ఫోను చూసుకుంటున్నాడు కదా. తలుపు బార్లా తీసి, గట్టు ఎలా ఉందే అన్న దగ్గర్నుంచి చదవమ్మా. టీచరు గారిలా, వెనక బెంచీ దాకా వినపడాలి.