దాదా మీద దాదాకు ఫిర్యాదు

నా చిన్నప్పుడు కిషన్‌బాగ్‌లో దాదా అంటే ఒకటే అర్థం: ఎదురుపడితే గోడకు అతుక్కుని దారివ్వాల్సిన మనిషి. మా గల్లీకి అలాంటివాడు ఒకడుండేవాడు. ఒకరోజు నా తెల్ల పావురం దారి తప్పి అతని మిద్దె మీద వాలింది. ఎవరి మిద్దె మీద వాలితే పావురం వాళ్ళదేనన్నది అక్కడి కాయిదా. పైగా సాయంత్రానికి దాన్ని కూర వండిస్తానని కబురు పంపాడు. మా నాన్న అంతటివాడే, "పోనియ్ బిడ్డా, ఇంకోటి తెస్త" అన్నాడు. ధైర్యంలో నేను అచ్చంగా ఆయన కూతురినే.

మా పక్కింట్లో ఒక జైనుల తాత ఉండేవాడు. లాడ్ బజార్‌లో గాజుల దుకాణం ఆయనది. నా ఏడుపు విని, "ఫికర్ చెయ్యకు బేటీ. నేను దాదా తానికే పోతున్న, నువ్వు గూడ రా" అన్నాడు. ఆయన వెళ్ళే చోటిని దాదాబాడీ అనేవారు. పేరులోనే బాడీ ఉందంటే మా గల్లీవాడికంటే దిట్టమైన మనిషే అయ్యుంటాడని సంబరంగా బయల్దేరాను.

తీరా చూస్తే అది గుడి. వందల ఏళ్ళ కిందట ఊరూరా కాలినడకన తిరిగిన తమ గురువును జైనులు దాదా గురుదేవ్ అంటారట. బాడీ అంటే ఆయన పేర వెలిసిన తోట. లోపల చలువరాతి మీద చెక్కిన రెండు పాదాలున్నాయి. తాత వంగి, "దాదా" అని మెత్తగా పిలిచి మొక్కాడు. దాదా కోసం వస్తే పాదాలు చూపించారని నాకు ఒళ్ళు మండింది.

"కాళ్ళేనా? మరి కొట్టేటందుకు చేతులేవి తాతా?"

ఆయన నవ్వలేదు. "ఈయన ఎవ్వల్ని కొట్టలే, నడిచిండు. చల్, మనం గూడ నడుద్దాం" అని నన్ను నేరుగా మా గల్లీ దాదా ఇంటికే తీసుకుపోయాడు.

అక్కడ కూడా అలాగే వంగి, చేతులు జోడించి, "దాదా, ఈ పిల్ల పావురం మీ తాన ఉన్నది" అన్నాడు. వెక్కిరింత లేదు, గుళ్ళో పిలిచిన గొంతే. నేను ఆయన వెనక దాక్కున్నాను. ఆ మాటను ఎప్పుడూ భయంగానే విన్న మనిషి, భక్తిగా వినేసరికి ఎటు చూడాలో తెలియక తికమకపడ్డాడు.

"అరె సేఠ్, మీరు నన్ను గట్ల అనకుండ్రి, మస్తు పరేషాన్ అయితది" అంటూ మిద్దెక్కి పావురాన్ని తెచ్చాడు. దాని రెక్కలకు కట్టిన దారం తానే విప్పి, నా చేతుల్లో పెట్టాడు.

ఇప్పటికీ ఎవరితోనైనా తగువుకు బయల్దేరితే, వాళ్ళను మనసారా పిలవడానికి ఒక గౌరవమైన మాట వెతుక్కుంటూ నడుస్తాను. గుమ్మం చేరేలోగా దొరికితే తలుపు తడతాను. దొరక్కపోతే వెనక్కి వచ్చేస్తాను. చాలాసార్లు వచ్చేస్తూనే ఉంటాను. ఈ వయసులో నడక మంచిదే కదా!