బడిలో నా చోటు

నా చిన్నప్పుడు మా పేటలో ఆడపిల్ల చంక ఖాళీగా కనిపించేది కాదు. ఎనిమిదేళ్ల పిల్ల ఎక్కడికి వెళ్లినా ఒక చంటివాణ్ణి ఎత్తుకునే వెళ్లేది. ఆడుకోవడానికైనా, దిబ్బమీద ఎండబెట్టిన చేపల దగ్గర కాకుల్ని తోలడానికైనా అంతే. నా చంకలో మా తమ్ముడుండేవాడు.

మాది అంతర్వేదికి కాస్త ఇవతల, గోదావరి ఒడ్డున వేటకు వెళ్లేవాళ్ల పేట. నాన్న పడవ మీద వెళ్లేవాడు. అమ్మ తెల్లవారగానే చేపల గంప నెత్తిన పెట్టుకుని రాజోలు వైపు ఊళ్లకు బయలుదేరేది. తమ్ముడు పుట్టేదాకా నేనూ బడికి వెళ్లాను. వాడు పుట్టాక ఒకరోజు వాణ్ణి ఎత్తుకునే వెళ్లాను. గదిలో వాడు గుక్కపెట్టి ఏడిచాడు. చంటిపిల్లలతో బడికి రాకూడదని పెద్ద మాస్టారు చెప్పారు. ఆయన చెడ్డవారేమీ కాదు. మిగతా పిల్లల పాఠం చెడిపోతుందని ఆయన బాధ. నేను ఇంటికి తిరిగి వచ్చాను. ఎందుకు వచ్చేశావని ఎవరూ అడగలేదు. నాలాంటి పిల్లలు పేటలో ఇంకా ఉండేవారు. వాళ్లనీ ఎవరూ అడగలేదు.

ఆ మరుసటి ఏడు వానలు మొదలయ్యాక కొత్తగా ఒక పంతులమ్మగారు వచ్చారు. కొత్తపేట వైపు వరిచేలూ కొబ్బరితోటలూ ఉన్న ఇంటి ఆడపడుచు. మా పేట ఆవిడకు నచ్చదనీ, నెల తిరక్కుండా బదిలీ చేయించుకుంటారనీ అందరూ అనుకున్నారు. ఆవిడ మాత్రం సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగారు. మా అమ్మ పక్కన పీట వేసుకుని కూర్చుని వేట సంగతులు అడిగారు, మా మామ్మతో ఎండుచేపల గురించి మాట్లాడారు. నన్ను బడికి ఎందుకు పంపడం లేదని ఒక్కమాట కూడా అనలేదు. అంతకు ముందు మా పేటకి వచ్చినవాళ్లంతా మమ్మల్ని తిట్టడమో, జాలిపడటమో చేసేవారు. ఆవిడ రెండూ చేయలేదు.

చంటిపిల్లలతో రానివ్వమని ఆవిడ పెద్ద మాస్టారిని అడిగారట. నిబంధన ఒప్పుకోదని ఆయన అన్నారట. ఆవిడ మళ్లీ అడగలేదు.

ఒకరోజు పొద్దున మేం ఆడపిల్లలం సరుగుడు తోట నీడలో పిల్లల్ని ఆడిస్తూ కూర్చున్నాం. బడి వైపు నుంచి పిల్లలు వరసగా నడిచి వస్తున్నారు. ముందు పంతులమ్మగారు. వెనక ఇద్దరు పిల్లలు నల్లబల్ల మోసుకొస్తున్నారు. మేం భయపడి లేచాం. కూర్చోమని ఆవిడ సైగ చేశారు. బల్లను చెట్టుకు ఆనించి, బడిపిల్లల్ని మా మధ్యనే ఇసుకలో కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టారు. మా తమ్ముడు పాక్కుంటూ వెళ్లి ఆవిడ చీర కుచ్చెళ్లు పట్టుకున్నాడు. ఆవిడ వాణ్ణి ఎత్తుకున్నారు. వాడు ఆవిడ చేతిలోని సుద్దముక్క లాక్కుని నోట్లో పెట్టుకోబోయాడు. ఆవిడ ఇంకో సుద్దముక్క తీసుకుని రాశారు. పాఠం ఆగలేదు.

కాసేపటికి పెద్ద మాస్టారు గొడుగేసుకుని వచ్చారు. చెప్పుల నిండా ఇసుక. పక్కనే వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్లు కూడా చూడ్డానికి లేచి వచ్చారు. వాళ్లలో మా నాన్న ఉన్నాడు.

బడి వదిలేసి ఇక్కడికి ఎందుకు వచ్చారని పెద్ద మాస్టారు అడిగారు. కోపం ఉంది గానీ గొంతు పెంచలేదు.

"ఈ పిల్లలు బడికి రాలేకపోతున్నారు కదండీ. అందుకని బడే వాళ్ల దగ్గరికి వచ్చిందండి," అన్నారావిడ.

తర్వాత నా వైపు తిరిగి, నాకేం కావాలో చెప్పమన్నారు. చిన్నపిల్ల, దానికేం తెలుస్తుందండీ అని నాన్న అన్నాడు. ఆవిడ చెయ్యి కొంచెం ఎత్తి ఆయన్ని ఆపి, నా వైపే చూస్తూ ఊరుకున్నారు. ఎంతసేపు ఊరుకున్నారో చెప్పలేను. తొందరపెట్టలేదు, మాట అందించలేదు. అంతమంది పెద్దవాళ్లు నా మాట కోసం నిలబడి ఉండటం నాకు అదే మొదలు.

"బడికి రావాలనుందండి. తమ్ముణ్ణి వదిలి రాలేనండి," అన్నాను. అంతకంటే ఏమీ రాలేదు.

నాన్న తల దించుకున్నాడు. బడి మానమని తాను అనలేదనీ, దాని రాత అలా ఉందనీ అన్నాడు. చదువుకోవడం పిల్ల హక్కని పంతులమ్మగారంటే, హక్కులంటే పొలాలున్నవాళ్ల మాటలని మెల్లగా అన్నాడు. అప్పుడు ఆవిడ వేరే సంగతి ఎత్తారు. ఏటిలో వల కట్టడానికి మా పేటలో ఒక్కో ఇంటికి ఒక్కో చోటుంటుంది. అంతకు ముందటేడు ఎవరో పైవాళ్లు వచ్చి మా చోట వల కడితే పేటంతా కదిలి వెళ్లింది. ఆ సంగతి ఆవిడ మా మామ్మ దగ్గర విన్నారు.

"వాళ్లని బతిమాలేరా బాబాయిగారూ, దయుంచి తియ్యండని?"

"బతిమాలడమేంటండి. మా చోటది. తియ్యమన్నాం, తీసేరు."

"బడిలో మీ అమ్మాయి చోటు కూడా అలాంటిదేనండి. మీరు గానీ నేను గానీ దయతలిచి ఇచ్చేది కాదు. అది పిల్లదే."

నాన్న చేతిలోని వల దారం వేలికి చుట్టుకున్నాడు. తర్వాత "ఆయ్," అని ఒప్పుకున్నాడు.

అందరూ పెద్ద మాస్టారి వైపు చూశారు. ఆయన చెప్పులు విప్పి ఇసుక దులుపుకున్నారు. నిబంధన తరగతి గదికేననీ, బయటి అరుగు గది కిందికి రాదనీ అన్నారు. ఆ మాట అనేటప్పుడు ఆయన మొహంలో ఎక్కడో నవ్వు ఉంది. అరుగు మీద పిల్లల్ని తాను చూస్తానని మా మామ్మ ముందుకొచ్చింది. మామ్మ వెనకే పేటలోని ముసలివాళ్లు ఇంకొందరు ఒప్పుకున్నారు. మరునాడు నాన్న పాత వల తెచ్చి అరుగు దూలానికి ఉయ్యాల కట్టాడు. ఉయ్యాల బలం చూడ్డానికి ముందు తానే ఎక్కి కూర్చుంటే పిల్లలంతా నవ్వారు.

అన్నీ సాఫీగా జరిగాయని చెప్పను. అరుగు మీద ఏడుపులకు గదిలో పాఠం వినపడని రోజులున్నాయి. పెద్ద మాస్టారు విసుక్కునేవారు. నా జతగత్తె ఒకతె వాళ్లవాళ్లతో వేరే రేవుకి వెళ్లిపోయి మళ్లీ బడి మొహం చూడలేదు. ఆ పిల్ల గురించి పంతులమ్మగారు చాలాకాలం అడుగుతూనే ఉన్నారు. నేను మాత్రం ఐదో తరగతి పూర్తిచేసి, రాజోలులో హైస్కూలు చదివి, నర్సునయ్యాను. మా తమ్ముడు నాకంటే చిన్న వయసులోనే అక్షరాలు పట్టేశాడు. అరుగు మీద పెరిగినవాడు మరి.

ఉద్యోగం విరమించాక మా పేటకే వచ్చి ఉంటున్నాను. ఇప్పుడు బడికి మేడ ఉంది. గోడ మీద బాలల హక్కులని రంగుల్లో రాశారు. నన్ను బడి కమిటీలో వేసుకున్నారు. మొన్నామధ్య కొత్తగా కట్టిన మరుగుదొడ్లు చూడ్డానికి కమిటీ అంతా వెళ్లాం. టైల్స్ బాగున్నాయి, నీళ్లు బాగా వస్తున్నాయి. అందరూ మెచ్చుకుని వెళ్లబోతుంటే, అక్కడ నిలబడ్డ రెండో తరగతి పిల్లను ఎలా ఉందమ్మా అని అడిగాను. బాగుందని సర్పంచిగారే జవాబు చెప్పబోయారు. ఒక్క నిమిషం ఆగండి బాబూ అన్నాను. ఆగాం. పిల్ల కాలి బొటనవేలితో నేల మీద రాసింది. మా మొహాలు చూసింది. ఆ తర్వాత చెప్పింది, లోపలి గడియ అందడం లేదనీ, అందుకని తామంతా ఇంటికెళ్లేదాకా నీళ్లు తాగడం లేదనీ.

అంతమంది పెద్దవాళ్లం తలుపులు తీసి చూశాం, వేసి చూశాం. గడియ ఎంత ఎత్తులో ఉందో ఒక్కరికీ తట్టలేదు. ఆ సాయంత్రమే వడ్రంగిని పిలిపించి కిందకి దింపించాం. పిల్లల్ని అడగాలని ఈ రోజుల్లో అందరూ అంటారు. అడుగుతారు కూడా. నేను అడిగాక ఊరుకుంటాను. వాళ్లకి మాట దొరికేదాకా ఊరుకుంటాను.